ఒకసారి తెచ్చుకున్న జవాబు ఎంతసేపు నిజం?
జావా వెబ్ సర్వీసుల్లో క్యాషింగ్ – అమర్చడం, పరీక్షించడం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం అడిగినప్పుడు, మేము రోజూ చేసే పనినే విషయంగా ఎంచుకున్నాం. ఈ హాస్టల్లో చదువుకుని, ఇప్పుడు జావా ప్రోగ్రామింగ్ మీద బతుకుతున్న వాళ్లం కొందరం కలిసి రాస్తున్న వ్యాసమిది. డిగ్రీ, బీటెక్, ఎంసీఏ చదివే తమ్ముళ్లకు ప్రాజెక్టుల్లో, ఇంటర్వ్యూల్లో నేరుగా పనికొస్తుంది. మిగతా గ్రూపుల వాళ్లకు కూడా అర్థం కావాలని వీలైనంత మామూలు మాటల్లో రాశాం. సాంకేతిక పదాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. ప్రోగ్రాములో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి.

క్యాషింగ్ అంటే ఏమిటి?

ముందుగా ఒక మాట. ఈ క్యాష్ నగదు కాదు. పలకడం ఒకటే గాని స్పెల్లింగ్ వేరు. దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది.

నోటీసు బోర్డు మీద పరీక్షల టైం టేబుల్ పెడతారు. మనం ఒకసారి వెళ్లి నోటు పుస్తకంలో ఎక్కించుకుంటాం. ఆ తరువాత ఏ పరీక్ష ఎప్పుడో తెలియాలంటే బోర్డు దాకా నడవం, పుస్తకం తెరిచి చూసుకుంటాం. బోర్డు సర్వర్. నోటు పుస్తకం క్యాష్. బ్రౌజరు ఒక వెబ్ సర్వీసును ఏదైనా అడిగి జవాబు తెచ్చుకున్నాక, దాన్ని దాచుకుని మళ్లీ అదే అవసరం పడ్డప్పుడు వాడుకోవడమే హెచ్‌టీటీపీ క్యాషింగ్.

ఇంతవరకు సులువే. చిక్కు ఎక్కడంటే, మనం ఎక్కించుకున్న తరువాత బోర్డు మీద తేదీ మార్చవచ్చు. పుస్తకాన్ని నమ్మి వెళ్లినవాడు పరీక్ష పోగొట్టుకుంటాడు. అందుకని జవాబు ఇచ్చే సర్వరే ఆ జవాబుతో పాటు, దీన్ని ఎంతసేపు నమ్మవచ్చో కూడా చెప్పాలి. క్యాషింగ్ అంటే వేగం కోసం చేసే చిట్కా అని చాలామంది అనుకుంటారు. మా దృష్టిలో అది సర్వర్ ఇచ్చే మాట. ‘ఈ జవాబు ఇంతసేపు నిజం, ఫలానావాళ్లు దాచుకోవచ్చు’ అని ప్రోగ్రామర్ ఇచ్చే హామీ. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

మనకు ఎందుకు పట్టింపు?

చిన్న లెక్క వేద్దాం. హాస్టల్ గ్రంథాలయంలోని పుస్తకాల జాబితాను ఒక వెబ్ సర్వీసు ఇస్తోందని, ఆ జాబితా 60 కిలోబైట్లు ఉందని అనుకుందాం. 100 మంది విద్యార్థులు రోజుకు 5 సార్లు చొప్పున చూస్తే 500 సార్లు. మొత్తం 30,000 కిలోబైట్లు. క్యాషింగ్ ఉంటే ఒక్కొక్కరికి జాబితా ఒకసారి వెళ్తుంది, అంటే 6,000 కిలోబైట్లు. మిగిలిన 400 సార్లూ ‘మారలేదు, నీ దగ్గరున్నదే వాడుకో’ అనే చిన్న జవాబు వెళ్తుంది. దానికి అర కిలోబైటు వేసుకున్నా 200 కిలోబైట్లు. మొత్తం 6,200. దాదాపు ఐదో వంతుకు తగ్గింది. డేటా ప్యాక్ అయిపోతుందేమోనని లెక్క చూసుకుంటూ, సిగ్నల్ కోసం డాబా ఎక్కేవాళ్లకు ఈ తేడా ఏమిటో వివరించనక్కర్లేదు.

రెండోది, పాత జవాబు వల్ల నష్టం. దరఖాస్తుకు చివరి తేదీ ముందుకు జరిపినా పాత తేదీనే కనిపిస్తూ ఉంటే, నష్టపోయేది విద్యార్థి.

మూడోది అన్నింటికంటే పెద్దది. ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపించడం. ఇది ఊహ కాదు. వాల్వ్ కంపెనీ నడిపే స్టీమ్ అనే ఆటల దుకాణంలో 2015 డిసెంబరు 25న ఇదే జరిగింది. ఆ రోజు సైటు మీద దాడి జరుగుతుంటే, తట్టుకోవడం కోసం క్యాషింగ్ అమరికను హడావిడిగా మార్చారు. కొత్త అమరికలో పొరపాటు ఉండి, లాగిన్ అయిన వాళ్ల పేజీలను కూడా క్యాష్ దాచేసింది. ఒకరు తమ ఖాతా తెరిస్తే ఇంకొకరి పేజీ వచ్చింది. సుమారు 34,000 మంది సొంత వివరాలున్న పేజీలు ఇతరులకు కనిపించి ఉండవచ్చని ఆ కంపెనీయే తరువాత ప్రకటించింది. ప్రోగ్రాము ఎక్కడా ఆగిపోలేదు, ఎర్రర్ రాలేదు. క్యాషింగ్ తప్పులు ఇలా చప్పుడు లేకుండా జరుగుతాయి. అందుకే అమర్చడం ఎంత ముఖ్యమో పరీక్షించడం అంత ముఖ్యం.

నియమాలు ఎక్కడ ఉన్నాయి?

హెచ్‌టీటీపీ 1.1 నియమాలు మొదట 1997 జనవరిలో వచ్చాయి. సర్వర్ తన మాటను చెప్పే క్యాష్-కంట్రోల్ అనే హెడర్ అందులోనే ఉంది. 1999లో, 2014లో వాటిని తిరగరాశారు. ఇప్పుడు అమలులో ఉన్నది 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9111. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అందులోని ముఖ్యమైన మాటలు ఇవి.

మ్యాక్స్-ఏజ్: ఎన్ని సెకన్లు నమ్మవచ్చో చెబుతుంది. మ్యాక్స్-ఏజ్ 300 అంటే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు సర్వర్‌ను అడగనే అక్కర్లేదు.

ప్రైవేట్: ఆ విద్యార్థి బ్రౌజరు మాత్రమే దాచుకోవాలి. మధ్యలో ఉన్న ఉమ్మడి క్యాష్ దాచకూడదు. ప్రైవేట్ అంటే సొంత ట్రంకు పెట్టె, ఉమ్మడి క్యాష్ అంటే వరండాలోని అలమర అనుకోండి.

నో-స్టోర్: ఎక్కడా దాచవద్దు.

నో-క్యాష్: దీని పేరు చూసి చాలామంది పొరబడతారు. దాచవద్దని దీని అర్థం కాదు. దాచుకోవచ్చు, కాని వాడే ప్రతిసారీ ‘ఇది ఇంకా సరైనదేనా’ అని సర్వర్‌ను అడిగి వాడాలి. ఇంటర్వ్యూల్లో తరచు అడిగే ప్రశ్న ఇది.

ఈట్యాగ్: నోటీసు మీద వేసే నంబరు లాంటిది. నోటీసు మారితే నంబరు మారుతుంది. బ్రౌజరు తన దగ్గరున్న నంబరును ఇఫ్-నన్-మ్యాచ్ అనే హెడర్‌లో పంపి అడుగుతుంది. నంబరు అదే అయితే సర్వర్ 304 అనే కోడ్ ఇస్తుంది, జాబితా పంపదు. మారితే మామూలుగా 200 కోడ్‌తో కొత్త జాబితా పంపుతుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. సర్వర్ ఏమీ చెప్పకపోతే దాచరని అనుకోవద్దు. క్యాష్-కంట్రోల్ లేకుండా, చివరిగా మారిన తేదీ చెప్పే లాస్ట్-మాడిఫైడ్ మాత్రమే ఉంటే, క్యాష్ తనే ఒక అంచనా వేసుకుని దాచుకోవచ్చని నియమం. ఆ తేదీ నుంచి గడిచిన కాలంలో పదో వంతు సేపు నమ్మడం సాధారణంగా వేసే అంచనా. పది రోజుల క్రితం మారిన పేజీని ఒక రోజంతా అడగకుండా వాడుకోవచ్చన్నమాట. మనం చెప్పకపోతే వేరేవాళ్లు మన తరఫున నిర్ణయిస్తారు.

ముందు కాగితం మీద తేల్చుకోండి

కీబోర్డు మీద చెయ్యి పెట్టే ముందు ప్రతి జవాబుకూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు దాచుకోవచ్చు? ఎంతసేపు? మారిందో లేదో ఎలా తెలుసుకుంటారు? మన హాస్టల్ సర్వీసులో మూడు జవాబులు ఉన్నాయనుకుందాం.

ఒకటి, పుస్తకాల జాబితా. అందరికీ ఒకటే, రహస్యం లేదు. ఐదు నిమిషాల పాత జాబితా చూసినా ఎవరికీ కష్టం లేదు. మ్యాక్స్-ఏజ్ 300 పెట్టి, ఈట్యాగ్ ఇవ్వాలి.

రెండు, నోటీసులు. ఇవీ అందరివే. కాని చివరి తేదీ ఏ నిమిషంలోనైనా మారవచ్చు. నో-క్యాష్, ఈట్యాగ్. ప్రతిసారీ అడుగుతారు, మారకపోతే చిన్న 304తో సరిపోతుంది.

మూడు, విద్యార్థి స్కాలర్‌షిప్ వివరాలు. బ్యాంకు ఖాతా నంబరు, సర్టిఫికెట్ నంబరు ఉంటాయి. ఇవి నెట్ సెంటరులో, కాలేజీ ల్యాబులో పదిమంది కూర్చునే కంప్యూటర్లలో తెరుస్తారు. అక్కడ ట్రంకు పెట్టె కూడా ఉమ్మడిదే. కాబట్టి నో-స్టోర్.

జావాలో అమర్చడం

జావాలో వెబ్ సర్వీసులకు జాక్స్-ఆర్‌ఎస్ అనే ప్రమాణం 2008లో వచ్చింది. పాత పుస్తకాల్లో దాని ప్యాకేజీ పేరు జావాఎక్స్‌తో మొదలవుతుంది. 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9 నుంచి అది జకార్తా అయింది. లోపలి క్లాసుల పేర్లు అవే. మనకు కావలసినవి క్యాష్‌కంట్రోల్, ఎంటిటీట్యాగ్, రిక్వెస్ట్. పుస్తకాల జాబితాకు వరుస ఇది.

మొదటి మెట్టు, జాబితాకు నంబరు. డేటాబేసులో ఒక వెర్షన్ నంబరు ఉంచి, జాబితా మారినప్పుడల్లా ఒకటి పెంచడం మంచి పద్ధతి. జాబితా మొత్తాన్ని తయారు చేసి దాని మీద హ్యాష్ లెక్కించవచ్చు గాని, అప్పుడు నెట్ ఖర్చు తగ్గుతుందే తప్ప డేటాబేసు పని తగ్గదు. ఆబ్జెక్టుకు జావా ఇచ్చే మామూలు హ్యాష్‌కోడ్ మాత్రం వాడకండి. అది సర్వర్‌కూ సర్వర్‌కూ మారుతుంది. రెండు సర్వర్లు ఉంటే ఒకరిచ్చిన నంబరును ఇంకొకరు గుర్తుపట్టరు.

రెండో మెట్టు, ఆ నంబరుతో ఎంటిటీట్యాగ్ చేసి, రిక్వెస్ట్‌లోని ఎవాల్యుయేట్‌ప్రీకండిషన్స్ అనే మెథడ్‌కు ఇవ్వాలి. ఇక్కడ జాగ్రత్త. అది నల్ తిరిగి ఇస్తే తప్పు జరిగిందని కాదు, పని కొనసాగించమని అర్థం. అప్పుడు జాబితా తెచ్చి 200 జవాబు కట్టాలి. నల్ కానిది ఇస్తే, అది 304 జవాబు కట్టడానికి సిద్ధంగా ఉన్న బిల్డర్. డేటాబేసులో జాబితా జోలికి పోకుండా దాన్నే పంపవచ్చు.

మూడో మెట్టు, క్యాష్‌కంట్రోల్ ఆబ్జెక్టులో సెట్‌మ్యాక్స్‌ఏజ్ ద్వారా 300 ఇచ్చి జవాబుకు తగిలించాలి. 200కు తగిలించి 304కు మరిచిపోవడం మామూలుగా కనిపించే లోపం. 304కు కూడా తగిలించాలి. హెడర్‌లో మీరు అడగని నో-ట్రాన్స్‌ఫార్మ్ అనే మాట కనిపిస్తే కంగారు పడవద్దు. ఈ క్లాసు దాన్ని మొదటి నుంచే ఆన్‌లో ఉంచుతుంది. మధ్యవాళ్లు జవాబు రూపం మార్చవద్దని దాని అర్థం.

స్ప్రింగ్ వాడేవాళ్లకు 2015లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి అలాంటి క్లాసే ఉంది. స్ప్రింగ్ సెక్యూరిటీ చేర్చిన ప్రాజెక్టుల్లో, మీరు ఏమీ చెప్పకపోతే అది నో-స్టోర్ హెడర్లను తనంతట తానే పెడుతుంది. ‘ఎంత చేసినా బ్రౌజరు దాచుకోవడం లేదు’ అనేవాళ్లు ముందు అక్కడ చూడాలి.

ఒకే చిరునామా నుంచి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ జవాబు ఇచ్చే సర్వీసైతే, వేరీ అనే హెడర్‌లో యాక్సెప్ట్-లాంగ్వేజ్ అని రాయాలి. లేకపోతే తెలుగు అడిగినవాడికి ఇంగ్లీషు కాపీ అందుతుంది.

పరీక్షించడం

క్యాషింగ్‌ను కంటితో చూసి బాగుందనుకోకూడదు. పేజీ ఎలాగూ వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత పాతదో తెలియాలి. మేము పాటించే వరుస ఇది.

1. ముందు సర్వర్‌ను ఒంటరిగా పరీక్షించండి. కర్ల్ అనే ఉచిత సాధనం తనంతట తాను ఏమీ దాచుకోదు కాబట్టి ఇందుకు బాగా పనికొస్తుంది. చిన్న ఐ ఆప్షన్‌తో అడిగితే హెడర్లన్నీ కనిపిస్తాయి. 200 వచ్చిందా, క్యాష్-కంట్రోల్ మనం రాసుకున్నట్టే ఉందా, ఈట్యాగ్ ఉందా చూడాలి.

2. అదే ఈట్యాగ్‌ను ఇఫ్-నన్-మ్యాచ్‌లో పెట్టి మళ్లీ అడగండి. 304 రావాలి, జాబితా రాకూడదు. ఈట్యాగ్ చుట్టూ ఉండే కొటేషన్ గుర్తులు కూడా విలువలో భాగమే. అవి వదిలేస్తే సాధారణంగా 200 మాత్రమే వస్తుంది.

3. ఒక పుస్తకం చేర్చి, పాత ఈట్యాగ్‌తోనే అడగండి. ఈసారి 200, కొత్త జాబితా, కొత్త ఈట్యాగ్ రావాలి. చాలామంది రెండో పరీక్షతో ఆపేస్తారు. అసలు ప్రాణం ఈ మూడోదానిలో ఉంది. ఎప్పుడూ 304 ఇచ్చే సర్వీసు రెండో పరీక్షలో పాసవుతుంది. దీనిలో దొరికిపోతుంది.

4. ఈ మూడింటినీ జేయూనిట్ పరీక్షలుగా రాసి పెట్టండి. 2018లో జావా 11తో వచ్చిన హెచ్‌టీటీపీక్లయింట్‌లో సొంత క్యాష్ లేదు కాబట్టి అది ఇందుకు అనువు. ఐదు నిమిషాల గడువును పరీక్షించడానికి ఐదు నిమిషాలు కూర్చోనక్కర్లేదు. గడువును సెట్టింగుగా బయట పెట్టి, పరీక్షలో 2 సెకన్లు ఇస్తే చాలు.

5. తప్పు జవాబులను పరీక్షించండి. లేని పుస్తకం అడిగితే వచ్చే 404ను కూడా క్యాష్‌లు దాచుకోవచ్చు. అన్ని జవాబులకూ ఒకేసారి మ్యాక్స్-ఏజ్ తగిలించే ఫిల్టర్ రాస్తే, డేటాబేసు ఆగినప్పుడు వచ్చే 500 ఎర్రర్‌కూ అది తగులుకుంటుంది. డేటాబేసు లేచాక కూడా విద్యార్థికి ఐదు నిమిషాలు ఎర్రరే కనిపిస్తుంది. ఎర్రర్లకు నో-స్టోర్ వెళ్తోందో లేదో చూడాలి.

6. ఇద్దరు విద్యార్థుల పరీక్ష. దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. సర్వీసు ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి నిజమైన ఉమ్మడి క్యాష్ నిలబెట్టి, మొదటి విద్యార్థిగా లాగిన్ అయి స్కాలర్‌షిప్ పేజీ అడగండి. వెంటనే రెండో విద్యార్థిగా అదే చిరునామా అడగండి. ఎవరి వివరాలు వాళ్లకే రావాలి. ఆథరైజేషన్ హెడర్‌తో వచ్చే లాగిన్లకు నియమాల్లోనే కొంత రక్షణ ఉంది. సర్వర్ ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప ఉమ్మడి క్యాష్ ఆ జవాబులను వాడకూడదు. కుకీతో నడిచే లాగిన్లకు ఆ రక్షణ లేదు. మనమే చెప్పాలి.

7. చివరగా బ్రౌజరులో చూడండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ పేజీ తెరిస్తే ఏది క్యాష్ నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. డిసేబుల్ క్యాష్ అనే గడిలో టిక్ ఉంటే ముందు తీసేయండి. రీలోడ్ బటన్ నొక్కినా బ్రౌజరు మళ్లీ సర్వర్‌ను అడుగుతుంది కాబట్టి, లింకు నొక్కి పేజీకి వెళ్లి చూడాలి.

ఇప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాయి. దారిలో ఉన్న ఇంటర్నెట్ కంపెనీ ప్రాక్సీ మన పేజీలను చదివి దాచే అవకాశం దీనితో తగ్గింది. కాని సర్వర్ ముందు మనవాళ్లే పెట్టుకునే ఉమ్మడి క్యాష్ అలాగే ఉంది. స్టీమ్ విషయంలో తప్పు జరిగింది అలాంటి చోటే.

తమ్ముళ్లకు ఒక మాట

ఒకసారి మ్యాక్స్-ఏజ్ ఒక సంవత్సరం అని పంపేస్తే, ఆ జవాబు వేలమంది ఫోన్లలో కూర్చుంటుంది. దాన్ని వెనక్కి పిలిచే దారి సర్వర్ దగ్గర లేదు. ఏమీ తోచనప్పుడు తక్కువ గడువు పెట్టండి, నమ్మకం కుదిరాక పెంచండి. సొంత వివరాల దగ్గర మాత్రం ప్రయోగాలు వద్దు.

రేపు మీలో కొందరు ఫలితాల సైట్లకు, స్కాలర్‌షిప్ సైట్లకు, ఆసుపత్రి సైట్లకు ప్రోగ్రాములు రాస్తారు. మంచి ఫోను, మంచి నెట్ ఉన్నవాడికి క్యాషింగ్ బాగున్నా బాగోకపోయినా పెద్ద తేడా తెలియదు. సిగ్నల్ అందని ఊళ్లో ఉన్నవాడికి, నెట్ సెంటరులో గంటకు ఇంత అని కట్టి కూర్చున్నవాడికి తెలుస్తుంది. వాళ్ల ఇబ్బంది ఎలా ఉంటుందో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ ఎరుకతో రాసిన సర్వీసు వాళ్ల డబ్బు మిగులుస్తుంది, వాళ్ల వివరాలు కాపాడుతుంది.

చదివి వదిలేయకుండా, ఈ సెలవుల్లో పుస్తకాల జాబితా సర్వీసు ఒకటి రాసి, ఏడు పరీక్షలూ పెట్టి చూడండి. మూడోదీ ఆరోదీ పాసైతే మీకు క్యాషింగ్ వచ్చినట్టే.

శుభాకాంక్షలతో,
పూర్వ విద్యార్థులం